విద్యార్థుల అంగవైకల్యము - పరీక్షలకు వలసిన ధ్రువపత్రములు

పెద్దలారా! పల్లెలయందు మనుమల చదువునుగూర్చి తుదిమాట చెప్పువారు మీరే గనుక ఈ విషయమును మీతోనే ప్రస్తావించుచున్నాను.

నా చిన్ననాటి స్నేహితుని మనుమరాలు ఎనిమిదేండ్ల ప్రాయమున చింతచెట్టుమీదినుండి పడి కుడిమోచేయి విరుగగొట్టుకొన్నది. నాటుకట్టు కట్టించిరి. ఎముక అతికినది గాని వంకరగా అతికినది. వ్రేళ్ళలో పట్టు తగ్గెను. ఒక పుట వ్రాయునప్పటికి అవి కొంకరలు పోవును. ఆమె పదవ తరగతి చదువునప్పుడు ఉపాధ్యాయుడొకరు వైద్యుల ధ్రువపత్రము తెచ్చినచో పరీక్షలో ఎక్కువ సమయమిత్తురని చెప్పెను. స్నేహితుడు నా సలహా అడిగెను. ఆడపిల్ల లోపమును సర్కారు కాగితమున కెక్కించినచో రేపు సంబంధములు వచ్చునా యని నేనంటిని. నాకు ఆ యింట గురుస్థానము. నా మాట జవదాటలేదు, కాగితము తేలేదు.

పదవ తరగతియు ఇంటరును ఎట్లో గట్టెక్కినవి. 2022లో డిగ్రీలో చేరిన పిమ్మట మూడు గంటల పరీక్షలు వచ్చెను. తెలిసిన జవాబులే వ్రాయుటకు వ్యవధి చాలక ఆ పిల్ల మొదటి సెమిస్టరులో రెండు విషయములు తప్పెను. అప్పటినుండి స్నేహితునితోకూడ నేనును కార్యాలయములచుట్టు తిరిగితిని. అట్లు తిరిగి తెలిసికొన్నదే ఇప్పుడు చెప్పుచున్నాను.

చట్టము బిడ్డల పక్షముననే యున్నది. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములనే గణించినది. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము వానిని 21 చేసినది. కన్ను, చెవి, కాలుసేతులేగాక, పైకి కానరాని మనోవ్యాధియు, తలసేమియావంటి రక్తవ్యాధులును, అక్షరముల తడబాటును అందు చేరినవి. పరీక్షలో అదనపు సమయము, లేఖకుని సహాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు మార్పులు చేయవలెనని 17వ విభాగము చెప్పుచున్నది. భాషాపండితుడనయ్యు ఆ మినహాయింపును నేను తప్పుపట్టను.

చిక్కంతయు 40 అను అంకెయొద్ద నున్నది. ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు సంస్థలలోను ఉన్నతవిద్యకు నూటికి 5కు తక్కువగాకుండ సీట్లు ప్రత్యేకింపవలెను; వయఃపరిమితిలో 5 ఏండ్ల సడలింపు ఈయవలెను. ఇవి నూటికి 40 పాళ్ళకు తక్కువ కాని వైకల్యముగలవారికి మాత్రమే. మా పిల్లను పరీక్షించిన వైద్యులు 30 పాళ్ళని వ్రాసిరి. అది చూచి కళాశాల గుమాస్తా, నలుబది లేదు గనుక సమయమును లేదనెను. మేమును నమ్మి తిరిగివచ్చితిమి.

ఆ మాట సరికాదు. వ్రాయబోగా చేయి బిగిసిపోవు వ్యాధిగల అభ్యర్థి యొకడు సివిల్ సర్వీసు పరీక్షకు లేఖకుని కోరగా నిరాకరించిరి. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి చంద్రచూడ్ గారు. నలుబది పాళ్ళ నియమము సీట్లు, ఉద్యోగములు ప్రత్యేకించుటకే గాని, లేఖకుని ఇచ్చుటకు అది అడ్డు కారాదని ఆ తీర్పు సారాంశము. దానిననుసరించి 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 40కి తక్కువై వ్రాతయందు కష్టపడువారికిని నిబంధనలు చేసినది.

కాబట్టి పత్రములు రెండని గ్రహింపవలెను. మొదటిది సదరము శిబిరములోగాని జిల్లా ఆసుపత్రిలోగాని పరీక్షించి యిచ్చు వైకల్య ధ్రువపత్రము. ఏ యవయవమునకు ఎంత లోపము, అది శాశ్వతమా తాత్కాలికమా అను సంగతి అందుండును. బిడ్డ మూడు గంటలు కలము పట్టగలదా లేదా యన్నది అందుండదు. అది చెప్పునది రెండవ పత్రము. 2018 నాటి నిబంధనలలో చూపులేనివారికి, రెండు చేతులును చెడినవారికి, మస్తిష్క పక్షవాతము గలవారికి ఈ రెండవ పత్రము అక్కరలేదనిరి. అడిగినంతనే లేఖకుని ఈయవలెను. తక్కినవారు ప్రభుత్వాసుపత్రి సివిల్ సర్జనుచేతగాని, సూపరింటెండెంటుచేతగాని, ప్రధాన వైద్యాధికారిచేతగాని వ్రాయించుకొని రావలెను. 40కి తక్కువవారికి 2022 నిబంధనలు ప్రధాన వైద్యాధికారి అధ్యక్షతన పలువురు నిపుణులు సంతకము చేయు పత్రమును నిర్ణయించినవి. ఇచ్చు సమయము గంటకు 20 నిమిషములకు తక్కువ కారాదు. అనగా మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. నిబంధనలు మారుచుండును గనుక ఆ యేటి ప్రకటన చదివించి వినవలెను.

అక్షరముల తడబాటునుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నా తరగతిలో ఒక బాలుడుండెడివాడు. పద్యము ఒక్కసారి విన్నచో అప్పగించెడివాడు. వ్రాయుమన్నచో ప, వ, ష, ఘ లలో ఒకదానికి మరియొకటి వ్రాయును. ఒత్తు ఎక్కడ పెట్టవలెనో తోచదు. సోమరితనమని బెత్తముతో కొట్టితిని. ఏడవ తరగతితో వాడు చదువు మానెను. ఇప్పుడు అట్టి బిడ్డకు ముందుగా కన్నును చెవిని పరీక్షించి, లోపము లేదని తేలిన పిమ్మట బెంగుళూరు నిమ్హాన్సువారు కూర్చిన పరీక్షావళితో నిర్ణయింతురు. 2018 నాటి సూత్రముల ప్రకారము 8 ఏండ్లకు పరీక్షించి, 14 ఏండ్లకును 18 ఏండ్లకును మరల చూతురు. 18వ యేట ఇచ్చినది జీవితాంతము చెల్లును. బాల్యమున తెచ్చిన కాగితమునే విశ్వవిద్యాలయమునకు పట్టుకొనిపోయినచో తిరుగగొట్టుదురేమో చూచుకొనుడు.

దొంగపత్రములు పుట్టించువారున్నారని మీరనవచ్చును. ఉన్నారు. 91వ విభాగము వారికి రెండేండ్లవరకు జైలును, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధించుచున్నది. వారివలననే నిజమైన బిడ్డను గూడ గుమాస్తా అనుమానముతో చూచుచున్నాడు. వైద్యులు ధ్రువపత్రము నిరాకరించినచో కారణము వ్రాసి యిమ్మని అడుగుడు. పై యధికారికి అప్పీలు చేసికొను హక్కును చట్టమే యిచ్చినది. కళాశాల వినకున్నచో రాష్ట్ర వికలాంగుల కమీషనరుకు వ్రాయవచ్చును.

దరఖాస్తు చేరిననాడే ఈయవలెను గాని పరీక్షకు ముందుదినమున కాదు. అసలు పత్రము చేతినుండి విడువరాదు, నకళ్ళీయవలెను. మీ నకలుమీద కార్యాలయపు ముద్రయు తేదీయు వేయించుకొనుడు. మేము మొదటిసారి వేయించుకొనలేదు. మా దరఖాస్తు అందనేలేదనిరి.

పెండ్లిమాటకు వచ్చెదను. ఆ పిల్ల వంకర మోచేయి ఊరందరికిని కనబడుచునేయున్నది. కాగితమున కెక్కించనందున నేను దాచిపెట్టినది లోపమును కాదు, దానికి రావలసిన గంట సమయమును.

రెండవ పత్రమునకై జిల్లా ఆసుపత్రికి మూడుమార్లు పోయితిమి. మరుసటి పరీక్షలలో ఆమె తప్పిన రెండు విషయములను నాలుగు గంటల వ్యవధిలో మరల వ్రాసినది. నడుమనడుమ కలము క్రిందపెట్టి వ్రేళ్ళు నలుపుకొంటినని చెప్పినది. చరిత్రలో ఉత్తీర్ణురాలయ్యెను. ఆంగ్లము మరల తప్పెను. అది మాత్రము చేతి లోపము కాదని తానే నవ్వుచు చెప్పినది.