వ్యాపారపు వీడియో తీయించుటకు ముందు

నేడు మన స్త్రీలనేకులు పచ్చళ్లు, నేతచీరలు, పిండివంటలు మొదలగువానితో గృహముననే వ్యాపారము సాగించుచున్నారు. సరకు మేలైనదైనను దూరమున నున్నవారికి తెలియుటెట్లు? అందులకై వీడియోలు తీయించుచున్నారు. ఎవరినో పిలిచి "బాగుగా తీయుము" అని బయానా చేతబెట్టుట వివేకము గాదు. మూడు నాలుగు కంపెనీలకు ఒకే విధమైన లేఖ వ్రాసి, ప్రతిపాదనలు తెప్పించుకొని, పోల్చిచూచి యొకరిని నియమింపవలయును.

ఆత్రేయపురపు పూతరేకులను దృష్టాంతముగా గొందము. 2023వ సంవత్సరమున వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను దానిపై నొక్కమారు పఱచి తీసినంతనే రేకు వచ్చును. క్షణకాలపు టా నేర్పును చూపుటయే వీడియోకు ప్రాణము. కావున "ఇది చేతిపనియని కొనువారు నమ్మవలయును" అని ప్రయోజనమును మొదట వ్రాయుడు. పిమ్మట ఎవరు చూడవలసినదియు, ఎన్ని నిమిషములుండవలసినదియు, ఏ భాషయో, టెలివిజనుకు అడ్డముగనో చేతిఫోనుకు నిలువుగనో, గడువెంతయో, మీరెంత వ్యయపఱుపగలరో తెలుపుడు. వ్యయము దాచినచో తలకొక లెక్క వచ్చి పోల్చుట దుస్సాధ్యమగును.

వెలను మొత్తముగా గాక, కథనము, చిత్రీకరణము, కూర్పు, గాత్రము, సంగీతము, ప్రయాణము అని విడివిడిగా నడుగుడు. మార్పులెన్నిమార్లు ఉచితముగా చేయుదురో, సొమ్మెన్ని వాయిదాలలో నియ్యవలెనో కూడ నడుగుడు. వారు పూర్వము తీసినవి రెండుమూడు చూడుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ననుసరించి, మూల్యమిచ్చి తీయించుకొన్న చిత్రమునకు, వేఱొక యొప్పందము లేనిచో, తీయించుకొన్నవారే ప్రథమ స్వాములు. ఆ "వేఱొక యొప్పందము" కంపెనీ పత్రములో నేమూలనో యుండవచ్చును. చదువక సంతకము చేసిన హక్కు చేజారును. కూర్పునకు ముందరి విడిదృశ్యములును మనకిచ్చెదరా యని యడుగుడు. సినిమాపాట చేర్చినచో దాని హక్కుదారుల యనుమతి వేఱుగ వలయును.

పొయ్యికడ గూర్చుండు స్త్రీల మొగములను లోకమెల్ల చూచును. వారి సమ్మతిని ముందుగనే వ్రాతమూలముగ గైకొనుడు. మీ యనుమతి లేక ఆ దృశ్యములను మఱియొక వ్యాపారమునకు వాడరాదని లేఖలోనే వ్రాయుడు.

ప్రతిపాదనలు వచ్చిన పిదప తక్కువ వెలకే మ్రొగ్గవలదు. మీ పనిని గూర్చి చక్కని ప్రశ్నలడిగినవారిని గమనింపుడు. కుండను చూడకయే వెల చెప్పినవారికి రేకు విలువ యేమి తెలియును?