మా తాత ఇంటి దూలం.. ఇప్పుడు నా వాష్‌బేసిన్ కింద!

“పొద్దున లేచి పండ్లు తోమి ఉమ్మేసే కాడ ఇంటి కడప పెడ్తవా? నీకేమన్న తెలివుందా బిడ్డా?”

నాయినమ్మ ఈ మాట అన్నప్పుడు నా చేతిలో ఫోన్, ఫోన్‌లో ఒక ఫొటో ఉన్నాయి. ఇన్‌స్టాలో సేవ్ చేసుకున్నది. అద్దంలా మెరిసే గచ్చు, తెల్లని గిన్నెలాంటి వాష్‌బేసిన్, దాని కింద గ్రానైట్‌కి బదులు ఒక మందపాటి పాత కట్టె. నా ఫ్లాట్ బాత్రూమ్‌లో అచ్చం అలాంటిదే పెట్టాలని నా ప్లాన్. కట్టె ఎక్కడిదంటారా? కూల్చబోతున్న మా ఇంటిదే!

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక ఊరు. మట్టి గోడలు, గూన పెంకల ఇల్లు. ఒక వానాకాలం వెనక గోడ కూలింది. నాయిన, చిన్నాయన కూసొని మాట్లాడుకున్నరు.. ఇగ స్లాబ్ వేద్దామని. పాత సామాను కొనే ఆయన వచ్చి ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, దూలాలు, వాసాలు, దర్వాజలు అన్నీ కలిపి గుత్త బేరం చెప్పిండు. మంచి దర్వాజలు ఎవరికో అమ్ముడుపోతాయి. మిగతాది హోటళ్ల పొయ్యిలోకో, బట్టీలోకో పోతుంది.

మూడు తరాలు తలదాచుకున్న కప్పు పొయ్యిలోకి పోతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. అయితే నేను మొదట చెయ్యేసింది గడప మీద. పసుపు రాసి, బొట్టు పెట్టి, పండగకి మామిడాకులు కట్టిన దర్వాజ గడపని బాత్రూమ్‌లో పెడతానంటే నాయినమ్మ ఒప్పుకుంటదా? చివరికి ఆమే తీర్పు చెప్పింది. “కడప ముట్టకు. దూలం తీస్కపో.”

అట్లా పదకొండు దూలాల్లో రెండు, అటక చెక్కలు కొన్ని నా వాటాకొచ్చినయ్.

విప్పి మళ్లీ కట్టడం మనకు కొత్త కాదు

పాలమూరు, నల్గొండ వాళ్లకి ఇల్లు విప్పడం అంటే ఏంటో బాగా తెలుసు. శ్రీశైలం ప్రాజెక్ట్ కింద కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లే మునిగినయ్. అప్పుడే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. నిన్నమొన్నటి పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో ఉదండాపూర్ రిజర్వాయర్ కింద ఉదండాపూర్, వల్లూరు ఊళ్లది కూడా ముంపు కథే. ఇట్లాంటి ఊళ్లలో గోడ పట్టుకుపోలేరు. దర్వాజ, దూలం మాత్రం పట్టుకుపోవచ్చు.

గుడి రాళ్లంత కాకపోయినా, నేను కూడా చాక్‌పీస్‌తో దూలాలకి నంబర్లు రాసుకున్నా. ఏది ఏ గదిదో గుర్తుండాలి కదా!

కట్టెలో చేవ ఉందా?

పాత కట్టె అంతా టేకు కాదు. మన ఊరి ఇళ్లలో వేప, తుమ్మ, నల్లమద్ది, తాటి దూలాలు కూడా ఉంటాయి. తాటి దూలం బరువు మోయడానికి భలే గట్టిది కానీ, లోపలంతా పీచు. పలకలు కోసి నున్నగా చేయడం కష్టం. వాష్‌బేసిన్ కిందికి మొదటిసారి చేసేవాళ్లకి టేకే మేలు. దానిలో సహజంగానే నూనె ఉంటుంది. నీళ్లకీ, చెదకీ బాగా తట్టుకుంటుంది.

అయితే టేకులోనూ అన్ని భాగాలూ ఒక్కటి కాదు. నడుమ ఉండే ముదురు గోధుమరంగు భాగమే చేవ. చుట్టూ ఉండే తెల్లటి కట్టెకి ఆ శక్తి లేదు. పుచ్చు పురుగు పట్టేది ముందు అక్కడే. మనిషిని “చేవ ఉన్నోడు” అని ఎందుకంటారో దూలం కోసి చూశాకే నాకర్థమైంది.

పాత కట్టె కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి:

* ఒక మూల కొద్దిగా చెక్కి చూడండి. లోపలి రంగు, వాసన అప్పుడే తెలుస్తయ్. పైన దుమ్ము, పొగ పట్టి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.
* స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగితే లోపల కుళ్లినట్టు.
* సన్నని రంధ్రాల్లోంచి పిండిలా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. వదిలేయండి.
* పాత రంగు వేసిన తలుపులైతే జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటొద్దన్న రూల్ మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా సాండింగ్ చేస్తే ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం. రంగు లేని దూలాలే ఎంచుకోవడం తెలివైన పని.
* టేకు కట్టె ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించే ముందు దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసులో ఒకసారి అడగండి. సొంత ఇంటిదే అయినా దారిలో ఆపితే చూపించడానికి కాగితం ఉండాలి.

సీల తగిలితే బ్లేడు గాయబ్

దూలాలు ఆటోలో వేసుకొని కల్వకుర్తిలో ఒక కోత మిషన్ దగ్గరికి పోయినం. మిషన్ ఆయన దూరం నుంచే చెయ్యి ఊపిండు. “పాత కట్టె కొయ్యం తమ్మీ. ఒక్క సీల తగిలితే బ్లేడు పోతది.”

ఆయన భయంలో న్యాయం ఉంది. మనోళ్లు దూలానికి కొట్టని సీల ఉండదు. లాంతరుకి ఒకటి, క్యాలెండర్‌కి ఒకటి, కరెంటు వైరుకి పది. ఇంటికి తిరిగొచ్చి పెద్ద అయస్కాంతంతో నాలుగు వైపులా అంగుళం అంగుళం వెతికి, దొరికినవన్నీ పీకి, మళ్లీ పోయినం. “బ్లేడు పోతే పైసలు నేనిస్తా” అన్నాకే మిషన్ ఆన్ అయ్యింది. అయినా ఒక సీల తప్పించుకుంది. బ్లేడు పైసలు కట్టిన.

వెర్షన్ 1.0 క్రాష్!

అటక చెక్కలతో మొదటి టాప్ నేనే చేసిన. యూట్యూబ్ ఉంది, ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, ఇంకేం కావాలి! మే నెలలో, ఎండలు మండిపోతున్నప్పుడు చెక్కలు పక్కపక్కన పేర్చి అతికించి, పైన నాలుగు కోట్లు పాలిష్ కొట్టి, ఇనుప ఫ్రేమ్ మీద పన్నెండు స్క్రూలతో బిగించిన. కింది వైపు ఎవరు చూస్తరని వదిలేసిన. ఫొటో స్టేటస్ పెడితే లైకులే లైకులు.

జూలైలో వానలు మొదలైనయ్. ముందు అంచు కొద్దిగా పైకి లేచింది. వేలు పెడితే కింద సందు తెలుస్తోంది. నేను మరో నాలుగు స్క్రూలు బిగించిన. తర్వాతి ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున బ్రష్ చేస్తుంటే బేసిన్ పైపు కోసం కోసిన రంధ్రం నుంచి అంచు దాకా నిట్టనిలువు చీలిక.

దూలం బతికినన్నాళ్లు తాత ఇంటికి ఏమీ కాలేదు. నా చేతిలో పడ్డ ఏడాదికే చెక్క చీలిపోయింది. సిగ్గనిపించింది. ఊరికి పోయి మా వడ్ల తాతకి ఫొటో చూపించిన. ఆయన ఫోన్ దగ్గర పెట్టుకొని చూసి నవ్విండు.

“కట్టె నరికితే సావది బిడ్డా. వానొస్తే తాగుతది, ఎండొస్తే కక్కుతది. నువ్వేమో దానికి సంకెళ్లు వేసినవ్.”

నాలుగు మిల్లీమీటర్ల లెక్క

తాత ఒక్క మాటలో చెప్పింది అర్థం చేసుకోవడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. లెక్క ఇది.

కట్టె పొడవు దిశలో దాదాపు కదలదు. వెడల్పు దిశలోనే ఉబ్బుతుంది, తగ్గుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే, చెట్టు వలయాల వెంట సుమారు 5.8 శాతం కుంచించుకుంటుంది. వలయాలకు అడ్డంగా, అంటే నడుమ నుంచి బెరడు వైపు, సుమారు 2.5 శాతమే. ఈ మార్పంతా కట్టెలో తేమ దాదాపు 30 శాతం నుంచి సున్నాకి దిగేటప్పుడు జరుగుతుంది.

నా టాప్ వెడల్పు 22 అంగుళాలు, అంటే 560 మిల్లీమీటర్లు. మన ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య కట్టెలో తేమ నాలుగు శాతం మారిందనుకుందాం. చెక్కలు వలయాల వెంట కోసినవైతే కదలిక నాలుగు మిల్లీమీటర్ల పైనే. నేను ఆ నాలుగు మిల్లీమీటర్లకి చోటివ్వలేదు. పైగా పైన పాలిష్, కింద ఉత్త కట్టె. కింద తేమ తాగి ఉబ్బింది, పైన ఉబ్బలేదు. అంచులు లేవక ఏంచేస్తయ్? స్క్రూల మధ్య ఇరుక్కొని నలిగిన కట్టె, మళ్లీ ఎండాకాలం కుంచించుకునేటప్పుడు బలహీనంగా ఉన్న రంధ్రం దగ్గర విరిగింది.

బగ్ కట్టెలో లేదు. నా కోడ్‌లో ఉంది.

రెండోసారి ఎలా చేసినమంటే..

ఈసారి దూలం బయటికి తీసినం. వడ్ల తాత పక్కన కూసొని చెప్తుంటే నేను చేసిన.

ముందు ఒకటిన్నర అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు పట్టీలుగా కోయించినం. పట్టీ కొనలో చూస్తే చెట్టు వలయాల గీతలు నిలువుగా నిలబడేలా తిప్పి కోయించడం ముఖ్యం. ఇట్లా చేస్తే కదలిక సగానికి పైగా తగ్గుతుంది. లెక్క ప్రకారం నాలుగు మిల్లీమీటర్లు కాస్తా రెండుకి దిగుతుంది.

పట్టీల్ని నెల రోజులు ఫ్లాట్‌లోనే, మధ్యలో చిన్న పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చిన. మాయిశ్చర్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వరుసగా రెండు వారాలు రీడింగ్ మారకుండా ఉంటేనే పని మొదలుపెట్టాలి.

టేకులోని నూనె వల్ల జిగురు సరిగ్గా పట్టదు. అందుకే రంద పట్టిన రోజే, అంచులు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే ఎపాక్సీతో అతికించినం. బేసిన్ రంధ్రం కోశాక లోపలి అంచుకి మూడుసార్లు ఎపాక్సీ పూసినం. కట్టె ఎక్కువగా నీళ్లు తాగేది ఆ కోసిన మొన దగ్గరే. తర్వాత పైన, కింద, పక్కలకి ఒకే లెక్కన పీయూ కోట్లు. కింద ఎన్నో పైన అన్నే.

బిగింపు ఇంకో సంగతి. ఫ్రేమ్‌లో వెనక వరస రంధ్రాలు మామూలుగా ఉంచి, ముందు వరసవి పొడుగ్గా కోయించినం. స్క్రూ పట్టుకుంటది కానీ, కట్టె ముందుకీ వెనక్కీ కదలొచ్చు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే. మామూలు ఇనుము, నీళ్లు, కట్టె మూడూ కలిస్తే నల్ల మరక ఖాయం. గోడకీ టాప్‌కీ మధ్య మూడు మిల్లీమీటర్లు సందు వదిలి సిలికాన్ నింపినం.

నీళ్లతో కాపురం

నీళ్ల గురించి నల్గొండోళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు పడిన చోటల్లా తెల్ల చారలు. కట్టె మీద అవి ఎక్కువ కనబడతాయి. దానికి మందు ఒక్కటే.. చేతులు కడుక్కున్నాక ఒక గుడ్డతో తుడవడం. టైల్స్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. ఎక్కడైనా పాలిష్ పోయి నీళ్లు ఇంకుతున్నట్టు కనిపిస్తే ఆ రోజే సరిచేయాలి. సబ్బు పెట్టె, బ్రష్ స్టాండ్ కింద చిన్న కాళ్లు ఉన్నవి వాడితే తడి నిలవదు.

నిజం చెప్పాలంటే గ్రానైటే సులువు. తుడిచినా తుడవకున్నా పడి ఉంటుంది. ఖర్చులో కూడా నాకేమీ మిగల్లేదు. కోత కూలి, బ్లేడు, ఎపాక్సీ, పీయూ, పాడైన మొదటి టాప్.. అన్నీ కలిపితే గ్రానైట్ కంటే ఎక్కువే అయ్యింది. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంట్లో అందరూ నీళ్లు చిమ్మి వదిలేసే అలవాటున్నోళ్లైతే అసలే వద్దు. అదే కట్టెతో పుస్తకాల అర చేసుకోండి.

ఆ నల్ల మచ్చ

రెండో టాప్ పెట్టి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటినయ్. చీలిక లేదు. వానల్లో గోడ దగ్గరి సందు సన్నబడుతుంది, ఎండలకి మళ్లీ వెడల్పవుతుంది. ఇప్పుడు భయం వెయ్యదు.

మొన్న నాయినమ్మ కంటి డాక్టర్ కోసం వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. బాత్రూమ్‌లోకి పోయి చాలాసేపు రాలేదు. ఏమైందోనని పోయి చూస్తే, బేసిన్ పక్కన కట్టె మీద ఒక నల్లటి గుండ్రటి మచ్చని వేలితో తడుముతోంది. దూలానికి పాత ఇనుప కొండి ఉండేది. దాని తుప్పు కట్టెలోకి ఇంకి మిగిలిన మచ్చ. సాండింగ్ చేసినా పోలేదు, వదిలేసిన.

“గిది నడింట్ల దూలం గదా” అంది. “మీ నాయినకు తొట్టెల కట్టింది గీ కొండికే.”

చాక్‌పీస్‌తో నేను రాసుకున్న నంబర్ రందతోనే పోయింది. నాయినమ్మకి నంబర్ అక్కర్లేకపోయింది.

మిగతా తొమ్మిది దూలాలూ గుత్త బేరంలో పోయినయ్. ఎక్కడికి పోయినయో ఎవరికీ తెలియదు. గడప మాత్రం కొత్త స్లాబ్ ఇంట్లో దేవుడి గదికి గడపైంది, పసుపు రాస్తూనే ఉన్నరు.

మీ ఊళ్లో కూడా ఇల్లు కూల్చే మాట వినిపిస్తే, జేసీబీ రాకముందు ఒక్క రోజు వెళ్లండి. ఒక అయస్కాంతం, ఒక చాక్‌పీస్ పట్టుకెళ్లండి. ఏది తీసుకోవచ్చో, ఏది ముట్టొద్దో ఇంట్లో పెద్దోళ్లని అడగండి.