మీకు తెలుసా? వోల్టేజీ తగ్గితే చిప్ నెమ్మదిస్తుంది!

• 1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్‌లాస్ రూపొందించిన, చిప్‌లలో వాడే సీమాస్ సర్క్యూట్లలో ఎన్‌మాస్, పీమాస్ ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. ఔట్‌పుట్ నిలకడగా ఉన్నంతసేపూ జంటలో ఒక వైపు ఆఫ్‌లో ఉంటుంది. అందుకే అప్పుడు కరెంటు ఖర్చు చాలా స్వల్పం.

• ఈ ట్రాన్సిస్టర్లతో కట్టిన లాజిక్ గేటు స్థితి మారాలంటే తర్వాతి గేటు కెపాసిటెన్స్ చార్జ్‌తో నిండాలి, లేదా ఖాళీ కావాలి. అందుకు పట్టే సమయమే ‘డిలే’. ఇన్‌పుట్ సగం వోల్టేజీ దాటిన క్షణం నుంచి ఔట్‌పుట్ సగం దాటే క్షణం వరకు దీన్ని లెక్కిస్తారు.

• వోల్టేజీని సగం చేస్తే ఒక్కో మార్పుకయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ డిలే పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావాల్సిన త్రెషోల్డ్ వోల్టేజీకి దగ్గరయ్యేకొద్దీ మరీ ఎక్కువగా పెరుగుతుంది.

• అందుకే పని తక్కువున్నప్పుడు ఫోన్ ప్రాసెసర్ వోల్టేజీని, క్లాక్ వేగాన్ని కలిపే తగ్గించుకుంటుంది. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.