6 లక్షల బడ్జెట్‌లో ఆరుగురికి సెకండ్ హ్యాండ్ కారు: ఫోన్, బ్లూటూత్ స్కానర్‌తో ఎలా వెతికానంటే

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి చదవడానికి వచ్చే సైట్‌లో కారు గోల ఏంటి అనుకుంటున్నారా? గత మూడు నెలల్లో నేను ఎక్కువగా వాడిన గ్యాడ్జెట్ ఫోన్ కాదు. అగ్గిపెట్టె సైజులో ఉండే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్. కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తుంది. దాన్ని జేబులో వేసుకుని హైదరాబాద్‌లో పదకొండు సెకండ్ హ్యాండ్ కార్లు చూశా.

అవసరం ఇదీ. ఇంట్లో నేను, నా భార్య, మూడేళ్ల బాబు. ఇంకో బేబీ రాబోతోంది. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు, ఒక నెల వాళ్లు వస్తారు, ఒక నెల మేం వెళ్తాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేదు. ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో స్ట్రోలర్ పెడితే డిక్కీ ఫుల్. ఖమ్మం నుంచి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకోవాలి. బడ్జెట్ 6 లక్షలు, అందులోనే ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, అవసరమైతే టైర్లు కూడా. ముందు డెలివరీ ఖర్చులు ఉన్నాయి కాబట్టి లోన్ వద్దనుకున్నాం.

యూరప్‌లో ఇలాంటి ఫ్యామిలీ అయితే ఆలోచించకుండా ఎస్టేట్ కారు చూస్తారు. అంటే సెడాన్ లాంటి బండే, కానీ రూఫ్ చివరిదాకా సాగి, వెనక పెద్ద డోర్‌తో, సామాన్లకి బోలెడు చోటుతో ఉంటుంది. మన దగ్గరా ప్రయత్నించారు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బాలెనో ఆల్ట్యురా, 2004లో ఇండిగో మెరీనా. ఏదీ నిలబడలేదు. డిక్కీ వేరుగా బయటికి కనిపిస్తేనే అది 'పెద్ద కారు' అని మనవాళ్ల లెక్క. దానికి తోడు 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజిన్ ఉన్న కార్లకి ఎక్సైజ్ డ్యూటీ తగ్గించారు. దాంతో కంపెనీలన్నీ బండిని 4 మీటర్లలో ఎలా ఇరికించాలా అనే పనిలో పడ్డాయి. పొడుగాటి ఎస్టేట్ చేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు మన బడ్జెట్‌లో ఎస్టేట్ పని చేసిపెట్టేది సెవెన్ సీటరే.

డిక్కీ స్పెక్‌లో 'వర్చువల్ ర్యామ్' ట్రిక్

ఫోన్ బాక్స్ మీద 16 జీబీ ర్యామ్ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 8 ప్లస్ 8 వర్చువల్ అని పెడతారు కదా. సెవెన్ సీటర్ డిక్కీ కూడా అంతే. యాడ్‌లో కనిపించే పెద్ద నంబర్ సీట్లు మడిచేశాక వచ్చేది. మనుషులంతా కూర్చున్నాక మిగిలేది వేరే.

2018 నవంబర్‌లో వచ్చిన రెండో తరం ఎర్టిగానే తీసుకోండి. మూడు వరుసలూ లేపి ఉంచితే 209 లీటర్లు, మూడోది మడిస్తే 550. 2012లో వచ్చిన మొదటి తరంలో మూడు వరుసలూ లేపితే 135 లీటర్లే. మరాజోలో 190. 2019లో వచ్చిన రెనో ట్రైబర్‌లో ఏడు సీట్లూ ఉంటే 84 లీటర్లు, అంటే రెండు ల్యాప్‌టాప్ బ్యాగుల మీద ఇంకోటి పెట్టడం కూడా కష్టం. అదే ట్రైబర్‌లో మూడో వరుస తీసేస్తే 625.

ఇక్కడ 'మడవడం', 'తీయడం' ఒకటి కాదు. ఎర్టిగాలో మూడో వరుస మడిస్తే అది బండిలోనే ఉంటుంది. ట్రైబర్‌లో ఆ రెండు సీట్లనీ విడివిడిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. రెండూ తీస్తే అది అచ్చంగా ఎస్టేట్. నాన్న వచ్చినప్పుడు ఒకటి బిగిస్తే ఆరు సీట్లు, పక్కన బియ్యం బస్తాకి చోటు. నేను లిస్ట్‌లో ట్రైబర్‌ని పైకి తెచ్చింది ఈ ఒక్క ఫీచర్ చూసే. టచ్‌స్క్రీన్ 8 ఇంచులా 9 ఇంచులా అనేది తర్వాతి మాట. స్క్రీన్ నచ్చకపోతే బయట మార్పించుకోవచ్చు, డిక్కీని మార్పించలేం.

దీనికి పడే రేటు ఇంజిన్ దగ్గర కట్టాలి. ట్రైబర్‌ది 1 లీటర్, మూడు సిలిండర్లు, 72 పీఎస్, 96 ఎన్ఎం. రెండో తరం ఎర్టిగాది 1.5 లీటర్, 105 పీఎస్, 138 ఎన్ఎం. ఆరుగురు, ఏసీ, సామాను వేసుకుని సూర్యాపేట రూట్‌లో లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ట్రైబర్‌లో ముందే ప్లాన్ చేసుకోవాలి. అది మీ వల్ల కాదంటే ఎర్టిగాకే వెళ్లండి, వాదించను. మా తిరుగుడు నెలకి 600 కిలోమీటర్లు దాటదు, అందులో ఎక్కువ సిటీలోనే. అందుకే డీజిల్ జోలికి పోలేదు. సీఎన్‌జీ కూడా వద్దనుకున్నాం, సిలిండర్ వచ్చి కూర్చునేది డిక్కీ చోట్లోనే.

సేఫ్టీ విషయానికొస్తే, గ్లోబల్ ఎన్‌క్యాప్ 2021లో ట్రైబర్‌కి పెద్దవాళ్ల రక్షణకి 4 స్టార్లు, పిల్లలకి 3 ఇచ్చింది. 2019లో ఎర్టిగాకి రెండిట్లోనూ 3. తర్వాత టెస్ట్ రూల్స్ కఠినం అయ్యాయి, కాబట్టి ఆ నాలుగుని ఇవాళ్టి కొత్త కారు నాలుగుతో పోల్చొద్దు. రెండింటి మధ్య పోలికకి మాత్రం పనికొస్తుంది.

చైల్డ్ సీట్ తీసుకెళ్లి చూడండి

ఇది ఏ రివ్యూలోనూ చెప్పరు. బండి చూడటానికి వెళ్లినప్పుడు బాబు సీటు కూడా పట్టుకెళ్లా. రెండో వరుసలో కిటికీ పక్కన చైల్డ్ సీట్ బిగిస్తే, ఆ పక్క సీటు మడవదు. అంటే మూడో వరుసలోకి దారి మూసుకుపోతుంది. పుట్టబోయే బేబీకి వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలి, దాన్ని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో పెట్టకూడదు. కాబట్టి అది డ్రైవర్ వెనక కిటికీ వైపు. బాబు సీటు ఎడమ వైపు. ఇక నాన్న ముందు ఎక్కి కూర్చున్నాకే బాబు సీటు బిగించాలి. హైవే మీద టీకి ఆపితే మళ్లీ విప్పాలి. చిరాకే, కానీ చాలా సెవెన్ సీటర్లలో ఇదే కథ. ఇది డబ్బు కట్టకముందే తెలియాలి. మధ్య సీటు బెల్ట్ కూడా లాగి చూడండి. చాలా పాత బండ్లలో అక్కడ నడుముకి మాత్రమే బెల్ట్ ఉంటుంది.

స్కానర్ ఏం చెప్పింది

ఓబీడీ పోర్ట్ సాధారణంగా స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉంటుంది. ఈఎల్ఎం327 రకం స్కానర్ పెట్టి, ఫోన్‌లో కార్ స్కానర్ గానీ టార్క్ గానీ ఓపెన్ చేస్తే ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు కొనేముందు బీఎల్ఈ లేదా వైఫై మోడలా కాదా అని చూసుకోండి, మామూలు పాత బ్లూటూత్‌వి కనెక్ట్ అవ్వవు.

అందరూ ఫాల్ట్ కోడ్స్ చూసి, ఏమీ లేవని సంతోషపడతారు. కోడ్స్ లేకపోవడం పెద్ద విషయం కాదు, అదే స్కానర్‌తో అమ్మేవాడు పొద్దున్నే చెరిపేయొచ్చు. చూడాల్సింది 'కోడ్స్ క్లియర్ చేశాక నడిచిన దూరం' అనే రీడింగ్. అన్ని కార్లలో రాదు, చాలావాటిలో వస్తుంది. ఎల్బీ నగర్ వైపు ఒక డీలర్ దగ్గర బండి మెరిసిపోతోంది. పాలిష్ కొత్తది, సీట్ కవర్లు కొత్తవి, మీటర్ మీద 48,000. ఏ మోడల్ అన్నది ఇక్కడ అనవసరం. స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్స్ సున్నా. క్లియర్ చేశాక నడిచిన దూరం 3 కిలోమీటర్లు! రెడీనెస్ మానిటర్స్ అన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తున్నాయి. "బ్యాటరీ మార్చాం అన్నా, అందుకే రీసెట్ అయింది" అన్నాడు. బ్యాటరీ తీస్తే అలా అవ్వొచ్చు, అబద్ధమని అనలేం. "సరే అన్నా, ఒక గంట నడిపి చూస్తా" అన్నా. ఒప్పుకోలేదు. దండం పెట్టి వచ్చేశా.

ఒక్క జాగ్రత్త. చవక స్కానర్ ఇంజిన్ వరకే చదువుతుంది. ఎయిర్‌బ్యాగ్ సంగతి దానికి చాలాసార్లు తెలియదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే వెలుగుతూనే ఉండటం కంటే ఎక్కువ అనుమానించాలి. ఎవరో బల్బ్ పీకేసి ఉండొచ్చు.

మీటర్ తిప్పారా అన్నది స్కానర్ కంటే రబ్బరు బాగా చెబుతుంది. 40 వేలు తిరిగిన బండిలో బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉండకూడదు. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అద్దాల మూలల్లో కూడా తయారీ గుర్తులుంటాయి. అన్నీ ఒక సంవత్సరానివై, ఒక్క డోర్ అద్దం కొత్తదైతే, ఆ డోర్‌కి ఏమైందని అడగండి. వీటన్నిటికంటే గట్టిది కంపెనీ సర్వీస్ హిస్టరీ. ప్రతి విజిట్‌లో కిలోమీటర్లు రాస్తారు. ఓనర్‌నే తన ఫోన్‌లో చూపించమనండి, స్క్రీన్‌షాట్ పంపుతానంటే వద్దనండి.

నీళ్లలో మునిగిన బండి

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడ. రెండుసార్లూ ఎన్ని కార్లు మునిగాయో మనం ఫోన్లలో చూశాం. వాటిలో కొన్ని శుభ్రం చేసుకుని మార్కెట్‌లోకి రాకుండా ఉంటాయా? సీట్ బెల్ట్‌ని పూర్తిగా, చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద గీత ఉంటే ఇక చూడక్కర్లేదు. సీటు కింద పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, కార్పెట్ కింద వాసన కూడా చూడండి. ఏసీ వేసి, పెర్ఫ్యూమ్ డబ్బా బయట పెట్టించి ఐదు నిమిషాలు కూర్చోండి.

ఫోన్‌లో పది నిమిషాల పని

ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, పొల్యూషన్ సర్టిఫికెట్, బ్యాంక్ లోన్ ఇంకా ఉందా అన్నీ వస్తాయి. హైపోథికేషన్ కనిపిస్తే బ్యాంక్ ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ చూసి, ఆ మొత్తం అమ్మేవాళ్లతోనే కట్టించండి.

ఢిల్లీ, హర్యానా నంబర్ బండ్లు ఇక్కడ చవకగా కనిపిస్తాయి. పాత డీజిల్ బండ్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షలు దానికి ఒక కారణం. తీసుకోవచ్చు, కానీ వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపి లెక్క వేస్తే మాకు తేడా మిగల్లేదు.

చివరికి తీసుకున్నది 2021 ట్రైబర్ మాన్యువల్, ఫస్ట్ ఓనర్, కూకట్‌పల్లిలో. స్కానర్‌లో కోడ్స్ క్లియర్ చేశాక దూరం 19,000 పైనే, అన్ని మానిటర్లూ పూర్తి, ఇంజిన్ టెంపరేచర్ 90 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. లోపాలు లేవని కాదు. నాలుగు టైర్లూ 2021వే, మార్చాల్సిందే. వెనక బంపర్‌కి పెద్ద గీత ఉంది, దాన్ని అలాగే వదిలేశా. బేరంలో టైర్ల డబ్బు తగ్గింది. ఇంకో మాట, ట్రైబర్ కొంటుంటే మూడో వరుస సీట్లు రెండూ ఉన్నాయా, బిగిస్తే లాక్ పడుతున్నాయా చూసుకోండి. మాకు అమ్మిన ఆయన ఒక సీటు నాలుగేళ్లుగా అటక మీద పెట్టి మర్చిపోయాడు. నిచ్చెన వేసి దింపించాం.

ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక ఇన్సూరెన్స్ మార్పుకి 14 రోజుల్లోపు అప్లై చేయాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది, కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదానికంటే ఎక్కువ వస్తుంది. ఆయన ఫాస్టాగ్ క్లోజ్ చేయించి మన పేరు మీద కొత్తది తీసుకోవాలి. ఇవన్నీ పోను మిగిలినదాంట్లో బేబీ సీటు కొన్నాం, సీట్ బెల్ట్‌తో బిగించే రకం, మా మామయ్య వాళ్ల కారులోకి కూడా మార్చుకోవచ్చని. మూడో వరుస సీట్లు ప్రస్తుతం మా మంచం కింద ఉన్నాయి.