చేను తాకట్టు పెట్టేముందు పర్మిట్ చదివించుకోండి

అమెరికా, జర్మనీ కొలువు వీసాల్లో ఉన్న షరతులేమిటి?
మెట్ట ప్రాంత తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

ఉదయగిరి, ఆత్మకూరు: వానను నమ్ముకున్న సేద్యం కూడు పెట్టక ఊరు విడిచి పోవడం నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు కొత్త కాదు. ఉదయగిరి, సీతారాంపురం, దుత్తలూరు, వింజమూరు, మర్రిపాడు, అనంతసాగరం ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళినవారిది ఒక తరం. ఇంజినీరింగు చదివి అమెరికా దారి పట్టినవారిది తరువాతి తరం. మొదటివారు కూలికి వెళ్ళారు, రెండోవారు కొలువుకు వెళ్ళారు. అయితే పరాయిగడ్డ మీద ఇద్దరినీ నిలబెట్టేది ఒక కాగితమే. ఆ కాగితంలో ఏముందో చదవకుండా, దాని గడువెంతో తెలియకుండా ఇక్కడ పట్టాదారు పాసుపుస్తకాన్ని తాకట్టు పెట్టడమే అసలు చిక్కు.

అందులోనూ 2025వ సంవత్సరంలో అమెరికా తెచ్చిన మార్పుల తరువాత ఈ విషయం తెలుసుకోవడం మరీ అవసరమైంది.

ఆకామా తెలిసిన ఊళ్ళు

ఆకామా అంటే ఏమిటో ఈ పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. కువైట్‌లో ఉండడానికి ఇచ్చే పర్మిట్ అది. ఇంటి పనికి వెళ్ళేవారిది ఖాదిం వీసా, కంపెనీ పనికి వెళ్ళేవారిది షూన్ వీసా. రెంటికీ కఫీల్ ఉండాలి. కఫీల్ ఇంటి నుంచి చెప్పకుండా బయటపడితే ఆకామా చెల్లకుండా పోతుంది. అలా చిక్కుకుపోయిన విదేశీయుల కోసం కువైట్ ప్రభుత్వం 2018లోనూ, 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించింది.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టును మన ప్రభుత్వం వేరుగా చూస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వారు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అలా వెళ్ళే ఆడవారికి కనీసం 30 ఏళ్ళు నిండి ఉండాలి. పదో తరగతి పాసయితే ఈ అనుమతి అక్కరలేదు. ఒక్క పరీక్షతో పాస్‌పోర్టు తీరే మారిపోతున్నది.

పెద్ద చదువు చదివితే కఫీల్ బెడద తప్పుతుందని మన రైతుల నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు.

చట్టం తలుపు తెరిస్తేనే

పరదేశంలో ఉద్యోగం మన తెలివితేటల ఒక్కదాని మీద ఆధారపడి ఉండదని చెప్పడానికి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే సాక్ష్యం. భీమవరంలో పుట్టిన ఆయన 1922లో అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసి ప్రపంచానికి గొప్ప మందులు అందించారు. అయినా భారతీయులకు పౌరసత్వం ఇవ్వడానికి ఆనాటి అమెరికా చట్టం ఒప్పుకోలేదు. 1946లో చట్టం మారి తలుపు కాస్త తెరుచుకున్నది. అప్పుడు కూడా భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పునే శాశ్వత నివాసపు వంతు దక్కింది. సుబ్బారావు పౌరసత్వం తీసుకోకుండానే 1948లో కన్నుమూశారు.

1965లో వచ్చిన చట్టంతో మన డాక్టర్లు, ఇంజినీర్లు ఎక్కువగా వెళ్ళడం మొదలైంది. ఇప్పుడు అందరి నోటా వినబడే హెచ్-1బి వీసా 1990 నాటి చట్టంతో ఏర్పడింది. కనీసం డిగ్రీ చదువు అవసరమయ్యే ఉద్యోగాలకు మాత్రమే దీన్ని ఇస్తారు.

చీటీలో పేరు రావాలి

ఈ వీసాలు ఏడాదికి 65 వేలు. అమెరికాలోనే పై చదువు పూర్తిచేసిన వారికి మరో 20 వేలు. ఈ లెక్కకు లోబడని విశ్వవిద్యాలయాలు, కొన్ని పరిశోధన సంస్థలు వేరు. 2001 నుంచి 2003 వరకు మూడేళ్ళపాటు 1 లక్షా 95 వేల చొప్పున కోటా ఉండేది. కంప్యూటరు ఉద్యోగాలకు మనవారు ఎగబడి వెళ్ళిన కాలం అది. 2004 నుంచి తిరిగి 65 వేలకు దిగింది.

ఉన్న వీసాలు తక్కువ, అడిగేవారు ఎక్కువ. అందుకని చీటీలు వేసినట్లు కంప్యూటరుతో లాటరీ తీస్తారు. 2023 మార్చిలో 7 లక్షల 80 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒకే మనిషి పేరు పలు కంపెనీల ద్వారా వేయించే ఎత్తుగడను అరికట్టిన తరువాత ఆ సంఖ్య తగ్గింది. 2025 మార్చిలో చెల్లిన దరఖాస్తులు సుమారు 3 లక్షల 44 వేలు కాగా, ఎంపికైనవి 1 లక్షా 20 వేలు. అంటే ముగ్గురిలో ఒకరికి చీటీ తగిలింది, ఇద్దరికి తప్పింది. మిగిలిన ఇద్దరి తల్లిదండ్రులు చేసిన అప్పు మాత్రం తగ్గదు.

చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరు రావడానికి కారణం ఈ లాటరీయే కాదు, కాన్సులేటులో జరిగే ఇంటర్వ్యూ కూడా. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరిచింది 2008లో. అంతకుముందు నెల్లూరు వారంతా ఈ పని మీద మద్రాసుకే వెళ్ళేవారు.

పర్మిట్ కంపెనీది, కష్టం మనది

హెచ్-1బి కోసం దరఖాస్తు పెట్టేది ఉద్యోగి కాదు, కంపెనీ. వీసా మూడేళ్ళు ఉంటుంది. మరో మూడేళ్ళు పొడిగించవచ్చు. కువైట్‌తో పోలిస్తే ఇక్కడ ఒక వెసులుబాటు ఉన్నది. వేరే కంపెనీ కొత్తగా దరఖాస్తు పెడితే దానిలోకి మారవచ్చు. కాని ఉద్యోగం పోతే ఉండనిచ్చేది 60 రోజులకు మించదు. ఆ లోపల వేరే కంపెనీ దొరకాలి, లేదా వేరే రకం వీసాకు మారాలి. రెండూ కుదరకపోతే ఇల్లూ వాకిలీ సర్దుకుని తిరిగి రావలసిందే.

ఉద్యోగికి చట్టం ఇచ్చిన రక్షణలూ కొన్ని ఉన్నాయి. వీటిని మనవారు గుర్తుపెట్టుకోవడం మంచిది. కంపెనీ తన కారణంగా ఉద్యోగిని పని లేకుండా ఖాళీగా కూర్చోబెడితే ఆ రోజులకు కూడా జీతం చెల్లించాలి. మనవాళ్ళు బెంచి మీద ఉండడం అనేది దీన్నే. వీసా పిటిషను ఫీజు, దాని లాయరు ఖర్చు కంపెనీ వ్యాపార ఖర్చుగా భరించవలసినవని అమెరికా కార్మిక శాఖ నిబంధన. కాబట్టి హెచ్-1బి వేయిస్తామని ఎవరైనా ఇక్కడ తల్లిదండ్రుల నుంచి లక్షలు అడిగితే అక్కడే అనుమానించాలి.

భార్య సంగతి కూడా ముందుగానే విచారించుకోవాలి. ఆమెకు వచ్చేది హెచ్-4 వీసా. దానితో ఉద్యోగం చేయరాదు. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు కొంతదూరం నడిచిన తరువాత, 2015 నాటి నిబంధన కింద ఆమె పని పర్మిట్ అడగవచ్చు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు కట్నకానుకల లెక్కలు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు గాని, ఈ సంగతి ఎవరూ అడగరు.

గ్రీన్ కార్డు వరుస

ఆరేళ్ళ తరువాత ఏమిటన్నది తదుపరి ప్రశ్న. కంపెనీ గ్రీన్ కార్డుకు పెట్టి, అది ఆమోదం పొందితే వరుసలో ఉన్నంతకాలం హెచ్-1బి పొడిగిస్తారు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ప్రపంచం మొత్తానికి ఏడాదికి సుమారు 1 లక్షా 40 వేలు. ఇందులోనే భార్యాపిల్లలూ లెక్క. ఏ దేశానికీ మామూలుగా నూటికి ఏడు వంతులు మించరాదు. చిన్న దేశానికీ అదే వంతు, భారతదేశానికీ అదే వంతు. ఫలితంగా 2025లో భారతీయ ఇంజినీర్ల వంతు 2012, 2013 సంవత్సరాలలో వరుసలో చేరినవారి దగ్గరే ఆగి ఉన్నది. ఈలోగా వెంట వెళ్ళిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల వీసా కింద ఉండే వీలు పోతుంది.

2025లో పడిన దెబ్బ

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన జారీ చేశారు. అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా పెట్టే హెచ్-1బి పిటిషనుకు లక్ష డాలర్లు చెల్లించాలన్నది దాని సారాంశం. అప్పటి మారకం ప్రకారం సుమారు 88 లక్షల రూపాయలు. ఆ నెల 21 నుంచి 12 నెలల గడువుతో దాన్ని అమలులోకి తెచ్చారు. అప్పటికే వీసా ఉన్నవారికి, అమెరికాలోనే చదువుకుని అక్కడే వీసా మార్చుకునేవారికి ఇది వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు. ఇక్కడి నుంచి నేరుగా కొలువుకు పోదామనుకున్న వారికి మాత్రం దారి ఇరుకైంది.

ఆ ఏడాది డిసెంబరులో లాటరీ పద్ధతి మారుస్తూ మరో నిబంధన ప్రకటించారు. ఎక్కువ జీతం స్థాయి ఉన్నవారి పేరు నాలుగుసార్లు చీటీలో పడుతుంది, తక్కువ స్థాయి వారిది ఒక్కసారే. కొత్తగా చదువు ముగించుకున్న కుర్రవాళ్ళ అవకాశం దీనివల్ల తగ్గుతుంది. అదే నెలలో వీసా ముద్ర కోసం స్వదేశం వచ్చిన పలువురి ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవు మీద వచ్చినవారు తిరిగి వెళ్ళలేక ఇక్కడే ఆగిపోయారు.

దొంగ చదువుల వల

పర్మిట్ మీద ఆశతో ఏదో ఒక కాలేజీలో చేరితే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, అందులోనూ చాలామంది తెలుగువారు. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి సంస్థ అని బయటపడింది. తరగతులు లేకుండా పేరు నమోదు చేసుకుని ఉద్యోగాలు చేద్దామనుకున్న భారతీయ విద్యార్థులు వందకు పైగా నిర్బంధంలోకి వెళ్ళారు. ఇందులోనూ తెలుగువారే ఎక్కువ.

జర్మనీ నీలి కార్డు

అమెరికా తలుపు ఇరుకైనప్పుడు మరో తలుపు వెతకడం సహజం. ఐరోపా దేశాల బ్లూ కార్డు అలాంటిది. ఐరోపా సమాఖ్య జెండా రంగును బట్టి ఈ పేరు వచ్చింది. 2009లో సమాఖ్య దీనికి చట్టం చేసింది. జర్మనీలో 2012 ఆగస్టు నుంచి అమలవుతున్నది. 2023లో సమాఖ్య దేశాలన్నీ కలిసి సుమారు 89 వేల బ్లూ కార్డులు ఇవ్వగా, అందులో 69 వేలు ఒక్క జర్మనీయే ఇచ్చింది. తీసుకున్నవారిలో భారతీయులు సుమారు 21 వేలతో మొదటి స్థానంలో ఉన్నారు.

ఇందులో లాటరీ లేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ, కనీసం ఆరు నెలల ఉద్యోగ ఒప్పందం, నిర్ణయించిన హద్దుకు తగ్గని జీతం ఉంటే చాలు. 2025లో ఆ హద్దు ఏడాదికి 48,300 యూరోలు. కంప్యూటరు, ఇంజినీరింగు, వైద్యం వంటి రంగాలకూ, కొత్తగా చదువు ముగించినవారికీ సుమారు 43,760 యూరోలు. ఈ హద్దు ఏటా మారుతుంది. భార్య కూడా ఉద్యోగం చేసుకోవచ్చు. జర్మను భాష కొద్దిగా వస్తే 27 నెలలకు, ఒక మోస్తరుగా మాట్లాడగలిగితే 21 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు. ఉద్యోగం పోయినా మొదటి రెండేళ్ళలో మూడు నెలలు, ఆ తరువాత ఆరు నెలలు కార్డు రద్దు చేయరాదని 2021 నాటి సమాఖ్య చట్టం చెబుతున్నది.

అయితే ఇదీ పూలబాట కాదు. భాష రాకపోతే చాలా ఉద్యోగాలు దొరకవు. జీతంలో పన్నులు, బీమా కోతలు గట్టిగా ఉంటాయి. చదువుకు వెళ్ళేవారు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందుగా అక్కడి బ్యాంకు ఖాతాలో చూపాలని 2024 సెప్టెంబరులో నిర్ణయించారు. జర్మనీ కూడా ఒకప్పుడు తలుపు తెరిచి మూసిందే. 2000 ఆగస్టులో 20 వేల మంది కంప్యూటరు నిపుణుల కోసం ఐదేళ్ళ పర్మిట్ పెట్టి, 2004తో ఆ పథకాన్ని ముగించింది.

అప్పు గడువు, పర్మిట్ గడువు

బ్యాంకుల విద్యారుణం 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. ఇక్కడే చేను కాగితాలు బ్యాంకుకు వెళ్తాయి. చాలని దానికి ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అమెరికాలో చదువు ముగిశాక పనిచేయనిచ్చేది 12 నెలలు. సైన్సు, ఇంజినీరింగు వారికి మరో 24 నెలలు. అంటే లాటరీ తగలకపోతే సంపాదించే కాలం మూడేళ్ళు. అప్పు తీర్చే గడువు పది, పదిహేనేళ్ళు. ఈ రెండు గడువులనూ పక్కపక్కన రాసి చూసుకున్న తరువాతే సంతకం పెట్టాలి.

పర్మిట్ ఎవరి పేరున దరఖాస్తు అయింది, ఎన్నేళ్ళు, ఉద్యోగం పోతే ఎన్ని రోజులు, భార్య పనిచేయవచ్చునా, శాశ్వత నివాసానికి ఎంతకాలం, ఫీజు ఎవరు కట్టాలి అన్న ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పలేని ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకపోవడం మేలు.

సోమశిల నీరు అందిన చోట్ల కయ్యలకు విలువ పెరిగింది. నీరందని మెట్టలో ఎకరా అమ్మితే వచ్చేది తక్కువ, అమ్మిన తరువాత తిరిగి కొనడం కష్టం. అందువల్ల ఆత్మకూరు, ఉదయగిరిలలోని కాలేజీలలో ఏడాదికి ఒకసారైనా అధికారులు, బ్యాంకు మేనేజర్లు కలిసి విదేశీ వీసాలపై తల్లిదండ్రులకు తెలుగులో వివరించే ఏర్పాటు చేయవలసి ఉన్నది. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, విదేశీ ఉద్యోగాలకు పంపే ఓంక్యాప్ సంస్థ ఈ మారుమూల మండలాల దాకా వస్తే, కువైట్ వెళ్ళే తల్లికీ, అమెరికా వెళ్ళే కొడుకుకూ తమ చేతిలోని కాగితం ఏమిటో తెలుస్తుంది.