చీజ్ సాస్ ఎందుకు విరిగిపోతుంది?

ఫ్రెంచ్ ఫ్రైస్ ఇంట్లోనే వేయించారు. వాటి మీద పోసుకోవడానికి చీజ్ సాస్ కూడా ఇంట్లోనే చేద్దామనుకున్నారు. మంచి చెడ్డార్ చీజ్ తెచ్చి, తురిమి, కాసిని పాలు పోసి స్టవ్ మీద పెట్టారు. మొదటి రెండు నిమిషాలు అంతా సవ్యంగానే ఉంటుంది. చీజ్ మెత్తబడుతుంది, కరుగుతుంది. ఇంకాస్త జారుగా వస్తుందని సెగ పెంచుతారు. అంతే! అడుగున రబ్బరులాంటి ముద్ద, దాని చుట్టూ తేట నీరు, పైన పసుపురంగు నూనె తేలుతాయి. ఎంత కలిపినా మళ్ళీ కలవవు.

ఇలా జరిగినప్పుడు చాలామంది చీజ్ కల్తీదని దుకాణదారుని అనుమానిస్తారు. నిజానికి అసలైన చీజ్ చేసే పని ఇదే. ఎంత వేడి చేసినా విరగకుండా నున్నగా కరిగేది, అందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన ప్రాసెస్డ్ చీజ్. ఈ రెండింటికీ ఉన్న తేడా అంతా దాదాపు ఒక్క మూలకం దగ్గరే ఉంది. అది కాల్షియం.

జున్ను వేరు, చీజ్ వేరు

ముందుగా ఒక మాట. మన నిఘంటువుల్లోనూ కొన్ని పాఠ్యపుస్తకాల్లోనూ చీజ్ అనే మాటకు జున్ను అని అర్థం రాసి ఉంటుంది. అనువాదాలు చేసేవారికి ఇదొక పాత తలనొప్పి. జున్ను అనేది ఈనిన పశువు మొదటి రోజుల్లో ఇచ్చే జున్నుపాలతో చేసేది. ఆ పాలలో గ్లోబులిన్లనే మాంసకృత్తులు మామూలు పాలలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి తగిలితే అవి కోడిగుడ్డులోని తెల్లసొనలాగా గడ్డకడతాయి. ఒకసారి గడ్డకట్టిన జున్ను మళ్ళీ వేడిచేస్తే కరగదు. చీజ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది వేడికి కరుగుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో చీజ్‌ను చీజ్ అనే పిలుద్దాం.

ఆవుపాలలోని మాంసకృత్తుల్లో సుమారు 80 శాతం కేసీన్. ఈ కేసీన్ అణువులు విడివిడిగా ఉండవు. వేలకొద్దీ ఒకచోట చేరి మిసెల్ అనే అతి చిన్న ఉండలుగా పాలలో తేలుతుంటాయి. ఒక్కొక్క ఉండ వ్యాసం మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉంటుంది. ఆ ఉండను లోపలినుంచి కట్టి ఉంచేది కాల్షియం ఫాస్ఫేట్. ఉండ పైన నూగులాగా ఉండే మరో రకం కేసీన్, ఒక ఉండ మరొకదానికి అంటుకోకుండా చూస్తుంది. చీజ్ తయారీలో వాడే రెన్నెట్ అనే ఎంజైము ఈ నూగును కత్తిరించేస్తుంది. అప్పుడు ఉండలన్నీ కాల్షియం వంతెనలతో ఒకదానికొకటి అతుక్కుని వలలాగా అల్లుకుంటాయి. కొవ్వు బిందువులూ నీరూ ఆ వలలో చిక్కుకుంటాయి. పాత పద్ధతిలో రెన్నెట్‌ను దూడ కడుపునుంచి తీసేవారు. మన దేశంలో శాకాహారుల కోసం సూక్ష్మజీవులనుంచి తీసిన ఎంజైములు వాడుతున్నారు.

చెడ్డార్ చీజ్‌లో ఉజ్జాయింపుగా మూడోవంతు కొవ్వు, మూడోవంతుకు కొంచెం మించి నీరు, నాలుగోవంతు మాంసకృత్తులు ఉంటాయి. నూనే నీరూ ఒకదానితో ఒకటి పొసగనివి. వాటిని కలిపి కాపురం చేయిస్తున్నది ఆ కేసీన్ వల.

ఇప్పుడు స్టవ్ మీద ఏం జరుగుతుందో చూడండి. 30 నుంచి 40 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య కొవ్వు కరిగి ద్రవమవుతుంది. సుమారు 65 డిగ్రీల దగ్గర వల పట్టు సడలి, చీజ్ పారడం మొదలుపెడుతుంది. సాస్‌కు కావలసిన స్థితి ఇదే. సెగ ఇంకా పెంచితే కేసీన్ అణువులు తమ చుట్టూ ఉన్న నీటిని వదిలేసి ఒకదానికొకటి దగ్గరగా ముడుచుకుంటాయి. తడిబట్టను పిండినట్లు వలలోంచి నీరు, కరిగిన కొవ్వు బయటికి వచ్చేస్తాయి. మిగిలేది రబ్బరు ముద్ద.

పనీరు ఎందుకు కరగదని ఇక్కడ మీరు అడగవచ్చు. పనీరును రెన్నెట్‌తో కాకుండా, వేడిపాలలో నిమ్మరసంలాంటి ఆమ్లం పోసి విరుస్తారు. ఆమ్లం కాల్షియం ఫాస్ఫేట్‌ను కరిగించి తేటలోకి పంపేస్తుంది. వంతెనలు లేకపోవడంతో కేసీన్ అణువులు నేరుగా ఒకదానికొకటి అంటుకుపోతాయి. పాలు కాగినప్పుడు రూపు మారిన ఇతర మాంసకృత్తులు కూడా వాటితో కలిసి గట్టిపడతాయి. అలాంటి ముద్దకు వేడి తగిలితే నీరు పోతుందే తప్ప పట్టు సడలదు. అందుకే పనీరు ముక్కలను నూనెలో ఎర్రగా వేయించుకోగలుగుతున్నాం. పనీరుతో చీజ్ సాస్ చేయబోవడం మాత్రం వృథాప్రయాస.

మజ్జిగ పులుసు నేర్పే కిటుకు

సాస్ విరగకుండా చూడటానికి మొదటి ఉపాయం మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. మజ్జిగ పులుసు పెట్టేటప్పుడు మజ్జిగలో శనగపిండి గాని, నానబెట్టిన బియ్యం రుబ్బిన ముద్ద గాని ఎందుకు కలుపుతారు? ఉత్త మజ్జిగను మరిగిస్తే విరుగుతుంది. పిండి కలిస్తే విరగదు. వేడినీటిలో పిండి రేణువులు ఉబ్బి, వాటిలోని పొడవాటి అణువులు బయటికి వచ్చి ద్రవాన్ని చిక్కబరుస్తాయి. మాంసకృత్తుల అణువులు ఒకదాన్నొకటి చేరి ముద్దకట్టకుండా అడ్డుపడతాయి. యూరప్ వంటవాళ్ళు మైదాతో చేసే తెల్ల సాస్ వెనకా సరిగ్గా ఈ సూత్రమే ఉంది.

నలుగురికి ధారాళంగా సరిపోయే సాస్‌కు 20 గ్రాముల ఉప్పులేని వెన్న, 20 గ్రాముల మైదా, 300 మిల్లీలీటర్ల పాలు, 120 గ్రాముల చెడ్డార్ తురుము తీసుకోండి. వెన్న కరిగాక మైదా వేసి, సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు వేయించాలి. రంగు మారకూడదు. వెన్న పిండి రేణువులను విడదీసి ఉంచుతుంది కాబట్టి పాలు పోసినప్పుడు ఉండలు కట్టవు. పాలు కొద్దికొద్దిగా పోస్తూ కవ్వంతో కలుపుతూ ఒక పొంగు రానివ్వండి. పిండి పూర్తిగా చిక్కబడేది మరుగు దగ్గరే. ఇక్కడ తొందరపడితే సాస్ పిండిపిండిగా తగులుతుంది. తర్వాత స్టవ్ ఆపేయండి. రెండు నిమిషాలు ఆగి, చీజ్ తురుమును పిడికెడు పిడికెడుగా వేస్తూ కలపండి. గిన్నెలో ఉన్న వేడే దానికి చాలు. చీజ్ వేశాక మళ్ళీ మరిగించడమే చాలామంది చేసే పొరపాటు.

ఏ చీజ్ కొనాలన్నది కూడా ముఖ్యమే. మొజరెల్లా తీగలు సాగుతుంది. పిజ్జా మీద అది ముచ్చటే గాని సాస్‌లో తంటా. బాగా పాతబడ్డ గట్టి చీజ్‌కు రుచి ఎక్కువ, కానీ తేలిగ్గా విరుగుతుంది. లేతగా, కొంచెం తేమగా ఉండే చెడ్డార్ మేలు.

ఈ పద్ధతిలో లోటు ఒకటే. పిండి, పాలు కలవడంవల్ల చీజ్ రుచి పలచబడుతుంది. మందంగా, మెరుస్తూ, నాలుక మీద చీజ్ తప్ప ఇంకేమీ తగలని సాస్ కావాలంటే కాల్షియం సంగతి నేరుగా చూసుకోవాలి.

నిమ్మ ఉప్పు, వంటసోడా

1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్ పట్టణంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు చీజ్‌ను సోడియం సిట్రేట్‌తో కలిపి వేడిచేసి, విరగకుండా కరిగి, ఎక్కువకాలం నిలవ ఉండే చీజ్‌ను తయారుచేశారు. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో తన ప్రాసెస్డ్ చీజ్‌కు పేటెంట్ పొందాడు. 1976లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియంలో ఫ్రాంక్ లిబెర్టో అనే వ్యాపారి, మొక్కజొన్న చిప్స్ మీద పోసుకునే చీజ్ సాస్ అమ్మడం మొదలుపెట్టాడు. ఆట చూసేవారి చేతికి క్షణాల్లో అందాలంటే గంటల తరబడి వేడిగా ఉన్నా విరగని సాస్ కావాలి మరి.

సోడియం సిట్రేట్ చేసే పని చాలా సులువైనది. కేసీన్ వలలోని కాల్షియాన్ని సిట్రేట్ పట్టేసుకుంటుంది. దాని చోటికి సోడియం వస్తుంది. కాల్షియం రెండు చేతులున్నది, ఇటొక అణువును అటొక అణువును పట్టుకోగలదు. సోడియానికి ఒక్కటే చేయి. వంతెనలు తెగిపోవడంతో కేసీన్ అణువులు విడివడి నీటిలో పరచుకుంటాయి. వాటికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, మరో కొస కొవ్వును. కొవ్వు బిందువుల చుట్టూ చేరి వాటిని నీటిలో నిలబెడతాయి. చీజ్‌లోని మాంసకృత్తే ఇప్పుడు సబ్బు చేసే పని చేస్తుందన్నమాట. ప్రాసెస్డ్ చీజ్ డబ్బా మీద ఐ.ఎన్.ఎస్. 331 అని కనిపిస్తే అది సిట్రేట్. 339 ఫాస్ఫేట్, 452 పాలీఫాస్ఫేట్. అన్నిటి పనీ ఇంచుమించు ఇదే.

దీన్ని మీరు ఇంట్లో చేసుకోవచ్చు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లమే. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. నీటిలో ఇవి కలిస్తే సోడియం సిట్రేట్, నీరు ఏర్పడి, బొగ్గుపులుసు వాయువు పొంగుకుంటూ పోతుంది. ఒక అణువు సిట్రిక్ ఆమ్లానికి మూడు అణువుల సోడా కావాలి. తూకంలో చెప్పాలంటే 30 గ్రాముల నిమ్మ ఉప్పుకు 36 గ్రాముల వంటసోడా. స్టీలు గిన్నె గాని గాజు పాత్ర గాని తీసుకోండి, అల్యూమినియం వద్దు. పాత్ర పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే ఈ కాస్త పొడినుంచి 10 లీటర్ల వాయువు వస్తుంది. నిమ్మ ఉప్పును ఒక గ్లాసు నీటిలో కరిగించి సోడాను చిటికెడు చిటికెడుగా వేయండి. నురగ పూర్తిగా ఆగాక మొత్తం 250 మిల్లీలీటర్లు అయ్యేలా నీరు కలపండి. ఇది పది సార్లకు సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోగా వాడేయాలి. వంటసోడా బదులు బేకింగ్ పౌడర్ వేస్తే లెక్క తప్పుతుంది. బట్టల సోడా వంటలోకి అసలే పనికిరాదు.

ఈ ద్రావణం 25 మిల్లీలీటర్లు, నీరు గాని పాలు గాని 75 మిల్లీలీటర్లు కలిపి వేడిచేసి, సన్నసెగ మీద 100 గ్రాముల చీజ్ తురుము కొద్దికొద్దిగా వేస్తూ కవ్వంతో కలపండి. రెండు మూడు నిమిషాల్లో పట్టులాంటి సాస్ తయారవుతుంది. పొరపాటున ఒక పొంగు వచ్చినా విరగదు. ఇందులో ఉప్పు వేయకండి, ఫ్రైస్ మీద కూడా చల్లకండి. కారణం ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

25 మిల్లీలీటర్ల ద్రావణంలో సుమారు 1 గ్రాము సోడియం ఉంటుంది. 100 గ్రాముల చెడ్డార్‌లో మరో 0.6 గ్రాము. ఈ సాస్‌ను నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 50 గ్రాముల సాస్, అందులో 0.4 గ్రాము సోడియం. పెద్దవారు రోజు మొత్తం మీద తీసుకునే సోడియం 2 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఐదోవంతు ఒక్క సాస్‌లోనే అయిపోయింది! ఊరగాయ, అప్పడం, సాంబారు లేని భోజనం మనకు అరుదు కాబట్టి ఈ లెక్క పట్టించుకోవలసిందే. మైదాతో చేసిన సాస్‌లో అదే 50 గ్రాములకు సోడియం 0.1 గ్రాము మాత్రమే. ఇంట్లో రక్తపోటు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉంటే సిట్రేట్ సాస్ జోలికి పోకుండా మైదా పద్ధతికే కట్టుబడటం మంచిదని నా అభిప్రాయం. వారికి అది కూడా రుచి చూసేంతే. పిల్లలకు కూడా నేనైతే అదే చేసిపెడతాను.

తూకాలూ ద్రావణాలూ మావల్ల కాదంటారా? ప్రాసెస్డ్ చీజ్ క్యూబులను తురిమి వేడిపాలలో కలిపితే సరి. అందులో సిట్రేటో ఫాస్ఫేటో ముందే ఉంటుంది కాబట్టి సోడియం ఇక్కడా తక్కువేమీ కాదు. సగం చెడ్డార్, సగం ప్రాసెస్డ్ చీజ్ వేస్తే దీనిలోని లవణాలు దానికీ సాయం చేస్తాయి, రుచీ నిలుస్తుంది.

ఇక విరిగిపోయిన సాస్ సంగతి. నూనె మాత్రమే తేలి, ముద్ద ఇంకా మెత్తగా ఉంటే ఆశ ఉన్నట్లే. స్టవ్ మీదనుంచి దించి, ఒకటి రెండు చెంచాల సిట్రేట్ ద్రావణం వేసి కవ్వంతో గట్టిగా చిలకండి. ముద్ద పలుకులు పలుకులుగా గట్టిపడిపోయి ఉంటే మాత్రం ఎంత చిలికినా ఆ గరుకు పోదు. దాన్ని పరాటాలో కూరేసుకోవడం నయం.

సాస్ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. కనుక గిన్నెలో ఉన్నప్పుడు మీకు కావలసినదానికంటే కాస్త జారుగానే దించండి. ఫ్రైస్ మీద ముందే పోసి ఉంచితే సాస్‌లోని తడి పీల్చుకుని పైపొర మెత్తబడుతుంది, కరకరలు పోతాయి. తినేముందు పోసుకోవాలి, లేదా పక్కన చిన్న గిన్నెలో పెట్టుకుని ముంచుకోవాలి. మిగిలిన సాస్‌ను రెండు గంటలలోపు, ఎండాకాలమైతే ఇంకా ముందే, ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు కలిపి సన్నసెగ మీద కదుపుతూ ఉంటే చాలు.