చెదిరిన రాజ్యం, నిలిచిన రాజ్యం

లండన్‌కు వచ్చిన అమ్మానాన్నలను బ్రిటిష్ మ్యూజియం చూపించకుండా పంపే తెలుగు ఇల్లు తక్కువే. చాలామంది నేరుగా ఈజిప్టు మమ్మీల దగ్గరికి వెళ్తారు. మా ఇంటికి వచ్చినవాళ్లను మాత్రం నేను ముందు అసిరియా శిల్పాల వైపు తిప్పుతాను. బైబిల్లో మనం విన్న ఇశ్రాయేలు, యూదా రాజ్యాల కథ అక్కడ రాతి మీద కనిపిస్తుంది. దాన్ని చెక్కించింది వాళ్ల శత్రువులు.

సొలొమోను చనిపోయాక, క్రీ.పూ. 930 ప్రాంతంలో, పన్నులూ వెట్టిచాకిరీ భరించలేక ఉత్తరాది గోత్రాలు వేరుపడ్డాయని బైబిల్ చెబుతుంది. ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా. ఉత్తర రాజ్యానిది పెద్ద చెయ్యి. పంట భూములు, వర్తక మార్గాలు దానివే. ఒమ్రీ రాజు కట్టించిన షోమ్రోను దాని రాజధాని. యూదాకు ఉన్నవల్లా కొండలు, యెరూషలేము.

నుదురు నేలకు ఆనించిన రాజు

నిమ్రూద్‌లో 1846లో తవ్వి తీసిన నల్లరాతి స్తంభం ఒకటి ఈ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు రెండు మీటర్లు. పైనుంచి రెండో వరుసలో ఒక మనిషి అసిరియా చక్రవర్తి మూడవ షల్మనేసెరు పాదాల ముందు సాగిలపడి ఉంటాడు. రాతలో అతని పేరు ‘ఒమ్రీ కుమారుడు యెహూ’ అని ఉంది. క్రీ.పూ. 841లో కప్పం కట్టిన ఇశ్రాయేలు రాజు ఇతనే. తమాషా ఏమిటంటే, యెహూ ఒమ్రీ కొడుకు కాడు. ఒమ్రీ వంశాన్ని తుడిచిపెట్టి గద్దెనెక్కినవాడు. అయినా అసిరియన్ల లెక్కల్లో ఆ రాజ్యం పేరు ‘ఒమ్రీ ఇల్లు’గానే ఉండిపోయింది.

తర్వాతి కాలంలో హోషేయ రాజు కప్పం ఆపేశాడు. ముట్టడి మూడేళ్లు సాగింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో షోమ్రోను పడిపోయింది. 27 వేల మందికి పైగా తరలించానని రెండవ సర్గోను రాయించుకున్నాడు. వాళ్లను హాబోరు నదీ తీరానికి, మాదీయుల ఊళ్లకు దూరదూరంగా చెదరగొట్టి, ఖాళీ అయిన చోట వేరే ప్రాంతాల వారిని తెచ్చి నింపారు. కొందరు సొంత ఊళ్లలోనే మిగిలారు, కొందరు యూదాకు పారిపోయారు. తరలిపోయినవారు మాత్రం క్రమంగా చుట్టుపక్కల జనంలో కలిసిపోయారు. ‘తప్పిపోయిన పది గోత్రాలు’ అన్న మాట పుట్టింది ఇక్కడే. తాము ఆ గోత్రాల వారమని నమ్మే సమాజాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయీం కుటుంబాలు కూడా తమది ఎఫ్రాయీము గోత్రమని చెప్పుకుంటాయి.

ఎడ్లబండి మీద సంసారం

పదో నంబరు గదిలో గోడల నిండా లాకీషు ముట్టడి ఉంది. యూదాలో యెరూషలేము తర్వాత ముఖ్యమైన కోట అది. క్రీ.పూ. 701లో సన్హెరీబు దాన్ని పట్టుకుని, ఆ దృశ్యాలను నీనెవెలోని తన రాజభవనంలో చెక్కించాడు. మావాళ్లంతా ఆగి చూసేది సైన్యాన్ని కాదు, ఊరు విడిచి వెళ్తున్న కుటుంబాలను. మూటల మీద పిల్లలను కూర్చోబెట్టుకుని ఎడ్లబండి మీద కదులుతున్న తల్లులు అందులో ఉన్నారు.

యూదా రాజు హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని సన్హెరీబు మట్టి పట్టకం మీద గొప్పగా రాయించుకున్నాడు. యెరూషలేమును గెలిచానని మాత్రం ఎక్కడా రాయలేదు. హిజ్కియా 30 మణుగుల బంగారం చెల్లించాడన్న లెక్క బైబిల్లోనూ, పట్టకంలోనూ ఒకటే.

బబులోనులో కాపురం

అలా నిలిచిన యెరూషలేమును క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు పట్టుకున్నాడు. పదకొండేళ్లకు, 586లో, దేవాలయం బూడిదైంది. యూదావారూ పరాయి దేశం చేరారు. అయితే బబులోను వాళ్లను చాలాచోట్ల ఒకే దగ్గర ఉంచింది. ‘యూదా పట్టణం’ అనే పేరుతోనే అక్కడ ఒక పల్లె వెలిసింది. ఆ పల్లెవాళ్ల కౌలు పత్రాలు, పన్ను రసీదులు మట్టి పలకల మీద దొరికాయి. అన్నీ బబులోను లిపిలోనే. ఒక పలక మీద మాత్రం షెలెమ్యా అనే పేరు పాత హెబ్రీ అక్షరాల్లో కూడా ఉంది. నాకు యుద్ధ దృశ్యాలన్నిటికంటే ఆ పేరే ఎక్కువ గుర్తుండిపోయింది.

వాళ్లు మారలేదని కాదు. నెలల పేర్లు బబులోనువే తీసుకున్నారు. తర్వాత లిపి కూడా అరమేయిక్ అక్షరాలకు మారింది. తిరిగి వెళ్లిన జట్టుకు నాయకుడైన జెరుబ్బాబెలు పేరుకు అర్థమే ‘బబులోను విత్తనం’. తర్వాతి తరాల్లో, సగంమంది పిల్లలకు యూదా భాష రావడం లేదని నెహెమ్యా కోప్పడ్డాడు. ఆ మాట మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు.

వాళ్లను బలవంతంగా తరలించారు. మనం వీసాలు తీసుకుని వచ్చాం. పోలికను అంతకు మించి లాగకూడదు. కానీ ఒకటి స్పష్టం. పెద్ద రాజ్యం ప్రజలు ఒంటరి కుటుంబాలుగా చెదిరి కలిసిపోయారు. చిన్న రాజ్యం ప్రజలు పక్కపక్కన బతుకుతూ, పాత కథలను రాసుకుంటూ, పిల్లలకు చదివి వినిపిస్తూ నిలిచారు. శనివారం ఉదయం పిల్లలను తెలుగు బడికి తీసుకెళ్లడానికి బద్ధకించే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. అక్కడ నేర్చుకునే యాభై ఆరు అక్షరాల కంటే, పక్కన కూర్చునే ఇంకో తెలుగు పిల్ల ముఖ్యం.